బిల్డ్ వచ్చేలోగా

ఏజెంట్ నేమ్ కనీసం 4 అక్షరాలు ఉండాలి. పాస్‌వర్డ్ మెర్క్యురీ. 2005 ప్రాంతాల్లో అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నవాళ్ళని అర్ధరాత్రి లేపి అడిగినా ఈ రెండు ముక్కలూ తడుముకోకుండా చెబుతారు. క్యూటీపీ అనే టెస్టింగ్ సాధనంతో పాటు నేర్చుకోవడానికని వచ్చే ఫ్లైట్ రిజర్వేషన్ అప్లికేషన్ అది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్ల మీద, ఏ గది తలుపు తీసినా అదే తెర. డెన్వర్ నుంచి లండన్‌కి టికెట్ బుక్ చెయ్యడం, ఇన్సర్ట్ ఆర్డర్ నొక్కడం, ఆ గీత మెల్లగా నిండే వరకూ చూడడం. ఏజెంట్ పేరుకి 3 అక్షరాలు కొట్టి చూడు, 4 కొట్టు, 5 కొట్టు, ఖాళీగా వదిలెయ్, 4 స్పేస్‌లు కొట్టి చూడు. బౌండరీ వాల్యూ, అంటే హద్దు దగ్గరా దానికి అటూ ఇటూ పరీక్షించడం అనే మాట చాలామందికి వంటబట్టింది ఆ చిన్న పెట్టె దగ్గరే.

బీయస్సీ, బీకాం కంప్యూటర్స్ చదివి టెస్టింగ్‌లోకి వచ్చినవాళ్ళు అప్పట్లో ఎక్కువ. ఉద్యోగం దొరికేది గానీ, ఇంక్రిమెంట్ల దగ్గర, వేరే కంపెనీకి మారేటప్పుడు ‘పీజీ ఉందా’ అన్న ప్రశ్న ఎదురయ్యేది. ఉద్యోగం మానేసి రెగ్యులర్ ఎంసీఏలో చేరే వీలు ఇంట్లో ఉండేది కాదు. అందుకే ఇగ్నో, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దూరవిద్య మన ఊరికి కొత్తేమీ కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది, ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ. దానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన జి. రామ్‌రెడ్డి గారే 1985లో మొదలైన ఇగ్నోకీ మొదటి వైస్ ఛాన్సలర్.

పగలంతా టెస్ట్ కేసులు, ఆదివారం స్టడీ సెంటర్ క్లాసు. ఈ రెండింటి మధ్య తెలుగు పుస్తకాల పిచ్చి ఒకటి. ఎంఎంటీఎస్ 2003లో మొదలయ్యాక ఆదివారం నాంపల్లిలో దిగి అబిడ్స్ దాకా నడిస్తే, మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు. క్లాసుకని బయలుదేరిన సంచీలో సాయంత్రానికి ఇగ్నో బ్లాకుల పక్కన అట్ట ఊడిన నవలలు చేరేవి.

ఈ మూడూ కలిపి ఎలా సాగాయని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. తెల్లవారుజామున 4 గంటలకు లేచారనీ, నిద్ర మానుకున్నారనీ జవాబు ఆశిస్తారు. అలా నిద్ర చంపుకున్నవాళ్ళలో చాలామంది మూడో సెమిస్టర్ దాటలేదు. దాటినవాళ్ళకి తెలిసిన కిటుకు వేరు. టెస్టింగ్ పనికి ఆటుపోట్లు ఉంటాయి. అవి ముందుగా పసిగట్టడం వచ్చిందంటే చదువుకీ చోటు దొరుకుతుంది, పుస్తకానికీ దొరుకుతుంది.

ఆ ఆటుపోట్లు ఇలా ఉండేవి. అమెరికా వైపు డెవలపర్లు సాయంత్రం బిల్డ్, అంటే పరీక్షించాల్సిన సాఫ్ట్‌వేర్ కొత్త ప్రతి, ఇచ్చి ఇళ్ళకి వెళ్ళేసరికి మనకి తెల్లవారుతుంది. ఉదయం వచ్చి బిల్డ్ ఇన్‌స్టాల్ చేసి, ముఖ్యమైనవి పనిచేస్తున్నాయో లేదో చూసే ఓ 40 కేసుల స్మోక్ టెస్ట్ నడిపితే గంట, గంటన్నర. అందులో లాగిన్ దగ్గరో, సేవ్ దగ్గరో విరిగిందంటే బిల్డ్ తిరస్కరించినట్టే. మళ్ళీ అటువైపు మనుషులు నిద్ర లేచి, సరిచేసి, కొత్తది పంపేదాకా ఇక్కడ చేతులు ఖాళీ. ఈస్టర్న్ టైమ్ ఉదయం 9 అంటే చలికాలంలో మనకి రాత్రి 7:30, వాళ్ళు గడియారం ముందుకి జరిపాక 6:30. అంటే ఉదయం 11కి స్మోక్ ఫెయిలయితే సాయంత్రం కాల్ వరకూ ఏడెనిమిది గంటల వ్యవధి.

ఆ వ్యవధి అంతా చదువుకి దక్కదు. పాత బగ్గుల్లో ఫిక్స్ అయ్యాయన్నవి పక్కనపెట్టుకోవాలి, వచ్చే బిల్డ్‌కి టెస్ట్ డేటా సిద్ధం చెయ్యాలి, కేసులు దిద్దాలి. అవన్నీ ముగించినా రెండు గంటలు మిగిలేవి. ఆ రెండు గంటలకి సరిపోయే ముక్క చేతిలో ఉందా లేదా అన్నదే అసలు సంగతి. ఇగ్నో పుస్తకాలు లావు గ్రంథాలు కావు. సబ్జెక్టుని మూడు నాలుగు బ్లాకులుగా విడగొట్టి పల్చటి పుస్తకాలుగా ఇచ్చేవారు, ఒక్కో బ్లాకులో మూడు నాలుగు యూనిట్లు. ఒక యూనిట్ చదివి, మధ్యలో ‘చెక్ యువర్ ప్రోగ్రెస్’ ప్రశ్నలు చేసి చూసుకోవడానికి గంటన్నర నుంచి రెండు గంటలు. సంచీలో ఆ వారం బ్లాకు ఒక్కటే ఉండాలి. నాలుగు సబ్జెక్టులూ మోసుకొచ్చినవాళ్ళు ఏది తియ్యాలో తేల్చుకునేలోపు మెయిల్ మోగేది, బిల్డ్ వచ్చిందని.

లెక్క వేసుకోకుండా చేరినవాళ్ళకి దెబ్బ తగిలింది క్రెడిట్ల దగ్గర. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 4 క్రెడిట్ల సబ్జెక్టుకి 120 గంటలు. సెమిస్టర్‌లో నికరంగా దొరికే 20 వారాలకి పంచితే వారానికి 6 గంటలు. అలాంటివి నాలుగైతే వారానికి 24 గంటలు. ఉద్యోగం చేస్తూ అది కుదిరే పని కాదు. కుదురుతుందనుకుని నాలుగు పేపర్లకీ ఫారం నింపి, నాలుగూ అరకొరగా రాసి, నాలుగూ పోగొట్టుకోవడం ఆ రోజుల్లో మామూలుగా కనిపించేది. అప్పట్లో ఎంసీఏ కనీస కాలం 3 ఏళ్ళు, గరిష్ఠం 6. ఆ 6 ఏళ్ళ వెసులుబాటు పెట్టిందే మనలాంటి వాళ్ళ కోసం. రీ-రిజిస్ట్రేషన్ మాత్రం గడువు తప్పకుండా కట్టుకుంటూ పోవాలి, పరీక్షలు విడతకి రెండు మూడు పేపర్ల చొప్పున రాసుకోవాలి. పాత సెమిస్టర్ పేపర్లు మిగిలున్నా తర్వాతి సెమిస్టర్‌లో చేరకుండా ఎవరూ ఆపరు. ఇది తెలియక, మొదటి సెమిస్టర్ మొత్తం పాసయ్యాకే రెండోది కడదామని ఏడాది పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

ఏ రెండు పేపర్లు కలపాలన్నదాంట్లో కూడా కిటుకు ఉండేది. ఒకటి చేతి కింద ఉన్న పనికి దగ్గరిది, ఒకటి దూరానిది. ఎంసీఎస్-034 సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ టెస్టర్‌కి సొంత ఇల్లు లాంటిది, అందులో టెస్టింగ్ మీదే పాఠం ఉంది. దానికి జతగా ఎంసీఎస్-033 అడ్వాన్స్‌డ్ డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ లాంటి గట్టిపిండం. ఎంసీఎస్-035 అకౌంటెన్సీ బీకాం వాళ్ళకి నల్లేరు మీద నడక, బీయస్సీ వాళ్ళకి డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో తేలక గుండెదడ. ఎంసీఎస్-012లో 8086 అసెంబ్లీ అందరికీ సమానంగా కష్టమే. ఎంసీఎస్-013లో ట్రూత్ టేబుల్స్ చదువుతుంటే మాత్రం ఆఫీసు గుర్తొచ్చేది. మూడు షరతులుంటే 8 వరసలు. డిస్కౌంట్ ఎవరికి వర్తించాలి అన్న స్క్రీన్‌కి డిసిషన్ టేబుల్ వేసేదీ అలాగే. స్పెసిఫికేషన్‌లో 5 వరసల గురించే రాసి ఉంటుంది, మిగిలిన 3 వరసల్లో బగ్గులు దాక్కుంటాయి.

అప్పట్లో అసైన్‌మెంట్ల వాటా 25 శాతం, పరీక్షది 75. ఈ 25 శాతాన్ని తేలిగ్గా తీసుకోవడం పెద్ద పొరపాటు. ఒక్కో అసైన్‌మెంట్‌లో రాసినదానికి 80 మార్కులు, మిగతా 20 వైవాకి. జనవరి సెషన్‌కి ఏప్రిల్ 15, జూలై సెషన్‌కి అక్టోబర్ 15 గడువు. చేత్తోనే రాయాలి. సబ్జెక్టుకి 20, 25 పేజీలు, నాలుగు సబ్జెక్టులకి దాదాపు 100. బొమ్మలూ టేబుళ్ళూ కలుపుకుంటే పేజీకి 18 నిమిషాలు, మొత్తం 30 గంటలు. ఆరు వారాలకి పంచితే వారానికి 5 గంటలు, అంటే శనివారం పొద్దున్న ఒకటి, మధ్యలో రెండు రాత్రులు. ఏప్రిల్ 10న మొదలుపెట్టినవాళ్ళకి రోజుకి 6 గంటలు. వేళ్ళు వాచేవి, అక్షరం వంకర్లు పోయేది, చివరి రెండు సబ్జెక్టులు తప్పనిసరిగా పక్కవాళ్ళవి చూసి దించినవే. వైవాలో ‘ఈ నార్మలైజేషన్ మీరే చేశారా, థర్డ్ నార్మల్ ఫారం దగ్గర ఎందుకు ఆపారు’ అని ఒక్క ప్రశ్న వేస్తే అక్కడే దొరికిపోయేవాళ్ళు. ఇచ్చిన ప్రతి అసైన్‌మెంట్‌కీ రసీదు మీద స్టాంపు వేయించుకుని, మొత్తం కాగితాల జిరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకోవడం అలవాటైపోయింది. బగ్ రాసేటప్పుడు బిల్డ్ నంబరు, బ్రౌజర్, స్క్రీన్‌షాట్ లేకుండా పంపితే ‘నాట్ రీప్రొడ్యూసిబుల్’ అని వెనక్కొస్తుందని తెలిసినవాళ్ళకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు.

పరీక్షలు జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ, రెండూ 1వ తేదీ అటూ ఇటూగా మొదలయ్యేవి. చూడ్డానికి రెండూ ఒకటే, టెస్టర్‌కి కాదు. అమెరికా క్లయింటు బ్యాంకో, రిటైల్ కంపెనీయో అయితే నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ నాటికి కోడ్ ఫ్రీజ్ పడేది. పండగ అమ్మకాల రోజుల్లో కొత్త కోడ్ ఎవరూ పెట్టరు. జనవరి దాకా మెయిల్ పెట్టె సద్దుమణిగి ఉండేది. డిసెంబర్ పరీక్షలకి అంతకంటే మంచి కాలం లేదు. జూన్ అలా కాదు. క్వార్టర్ చివరి రిలీజ్ జూన్ నెలాఖరుకి పెట్టుకుంటే పాత కేసులన్నీ మళ్ళీ నడిపే రిగ్రెషన్ సరిగ్గా పరీక్షల మీద పడేది. 400 కేసులు, మనిషి రోజుకి 40, 50 నడపగలడు, ఇద్దరున్న టీమ్‌లో ఒకరు వారం సెలవడిగితే మేనేజర్ ముఖం ఎలా మారుతుందో ఊహించుకోవచ్చు. అందుకని కష్టమైన పేపరు డిసెంబర్‌కి, తేలికది జూన్‌కి. జూన్ పరీక్ష ఫారం మార్చి నెలలో, డిసెంబర్‌ది సెప్టెంబర్‌లో ఆలస్య రుసుము లేకుండా కట్టెయ్యాల్సి ఉండేది. రిలీజ్ ప్లాన్ బయటికి వచ్చేదీ ఇంచుమించు అప్పుడే కాబట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని పేపర్లు టిక్కు పెట్టుకునేవాళ్ళు. వారాంతం రిలీజ్‌లకి పనిచేసినందుకు వచ్చే కాంప్ ఆఫ్‌లు సినిమాలకి తగలెయ్యకుండా జూన్ కోసం దాచుకోవడం కూడా ఈ లెక్కలోదే.

చివర్లో వచ్చే ఎంసీఎస్‌పీ-060 ప్రాజెక్టు దగ్గర టెస్టర్లకి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుండేది. రోజూ చేసే పనినే చూపిద్దామనిపిస్తుంది. ఎంసీఏ ప్రాజెక్టంటే విశ్లేషణ, డిజైన్, కోడు, టెస్టింగ్ అన్నీ ఉండాలి, టెస్ట్ ప్లాన్ ఒక్కటీ చాలదు. ఆఫీసు అప్లికేషన్ స్క్రీన్లు పెడదామంటే క్లయింటుతో గోప్యత ఒప్పందం. మంచి దారి ఏమిటంటే, తన టీముకే పనికొచ్చే చిన్న సాధనం సొంతంగా కట్టడం. ఎక్సెల్‌లో ఉన్న టెస్ట్ కేసుల్ని డేటాబేస్‌లోకి తెచ్చి, ఏ బిల్డ్‌లో ఏది పాసయ్యింది, ఏది ఫెయిలయ్యింది చూపించేలాంటిది. ప్రపోజల్‌తో పాటు గైడ్ బయోడేటా సంతకంతో జత చెయ్యాలి. ఆ సంతకం దగ్గరా, గైడ్ అర్హతల దగ్గరా వెనక్కొచ్చిన ప్రపోజల్స్ చాలా ఉండేవి.

ఇక తెలుగు సంగతి. అప్పటి విండోస్ ఎక్స్‌పీలో తెలుగు చూడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్ళు ఇన్‌స్టాల్ చెయ్యాలి. దానికి ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఇంట్లో సరే, ఆఫీసు మెషీన్‌లో అడ్మిన్ హక్కులు ఉండవు. ఒకే పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో గౌతమి ఫాంటుతో శుభ్రంగా, పక్కనే ఫైర్‌ఫాక్స్ 2లో గుణింతాలు ఊడిపోయి కనిపించేది. తెలుగు రాని డెవలపర్‌కి ఇది బగ్గని ఎలా చెప్పాలి? కుడి ఎడమల రెండు స్క్రీన్‌షాట్లు పెట్టి, ‘కి’ అన్న అక్షరం చుట్టూ ఎర్ర గీత గీసి, గుడి విడిగా నిలబడిందని చూపించడమే దారి.

రాయడానికి లేఖిని ఉండేది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కింది పెట్టెలో తెలుగై కూర్చునేది. అక్కడ నేర్చుకున్న సూక్ష్మం ఒకటి ఇప్పటికీ పనికొస్తోంది. సాఫ్ట్‌వేర్ అని మామూలుగా కొడితే ‘ట్’ కింద ‘వ’ ఒత్తుగా దిగిపోయి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. రెండింటి మధ్య కంటికి కనపడని అక్షరం ఒకటి పెట్టాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సీ. లేఖినిలో దానికి క్యారెట్ గుర్తు. అప్పుడు పొల్లు పొల్లుగానే నిలబడుతుంది. చిక్కేమిటంటే, కంప్యూటర్‌కి ఈ రెండూ వేరు వేరు మాటలు. ఒకటి వెతికితే రెండోది దొరకదు. ఒకే ఫైల్లో అక్కడక్కడా ఆ అక్షరం పెట్టి, అక్కడక్కడా మరిచిపోయినవాళ్ళు సగం మాటలు కనిపించట్లేదని తల పట్టుకునేవాళ్ళు.

తెలుగు తెలిసిన టెస్టర్‌కి ఆఫీసులో విలువ వచ్చింది ఇలాంటి చోట్లే. ‘జ్ఞానం’ కంటికి రెండు అక్షరాలు: జ్ఞా, నం. యూనికోడ్‌లో మాత్రం జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్న, మొత్తం 6. యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 18. డేటాబేస్‌లో పేరుకి 20 బైట్లు ఇచ్చారనుకుందాం. జ్ఞానం పడుతుంది. ‘జ్ఞానము’ అంటే 7, 21 బైట్లు, పట్టదు. కోత చివరి కొమ్ము మధ్యలో పడి, అక్కడ ప్రశ్నార్థకమో డబ్బానో మిగులుతుంది. ఇంగ్లీషు పేర్లతో 20 అక్షరాలూ పరీక్షించి పాస్ కొట్టిన ఫీల్డే ఇది. ఏజెంట్ నేమ్ 4 అక్షరాలు అన్నప్పుడు, అక్షరం అంటే ఏమిటి అని అడగాలని అమీర్‌పేటలో ఎవరూ నేర్పలేదు. తెలుగు రాసే అలవాటు నేర్పింది.

పాత పుస్తకాలకి అబిడ్స్ తర్వాత పెద్ద దిక్కు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. మన గ్రంథాలయాల్లో దుమ్ము పట్టిన వేలాది తెలుగు పుస్తకాలు అందులో స్కానై ఉండేవి. పుస్తకం మొత్తం ఒక్క ఫైలుగా వచ్చేది కాదు. పేజీకొక టిఫ్ బొమ్మ, 00000001 అని 8 అంకెల పేర్లతో. చూడాలంటే బ్రౌజర్‌కి ఆల్టర్నాటిఫ్ ప్లగిన్ పెట్టుకోవాలి. 256 కేబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ అంటే సెకనుకి 32 కిలోబైట్లు. బీఎస్‌ఎన్‌ఎల్ రాత్రి ప్లాన్‌లో 2 గంటల నుంచి ఉదయం 8 వరకూ ఎంత లాగినా ఉచితం. కాల్ ముగించి ఇంటికి చేరేసరికి ఎలాగూ ఒంటిగంట అయ్యేది. డౌన్‌లోడ్ మేనేజర్‌లో 1 నుంచి 220 దాకా వరస రాసిపెట్టి, 2 గంటలకి మొదలయ్యేలా టైమర్ పెట్టి పడుకుంటే పొద్దున్నకి పుస్తకం సిద్ధం.

సిద్ధం అనుకుంటే పొరపాటే, అసలు పని అక్కడ మొదలు. ముందు ఫైళ్ళని సైజు వరసలో పెట్టాలి. సున్నా బైట్లవి మళ్ళీ దించాలి. మరీ చిన్నవి ఖాళీ పేజీలా, సగంలో తెగినవా చూడాలి. ఆ తర్వాత పేజీలన్నీ ఉన్నాయా అన్నది. 220 బొమ్మలూ ఒక్కొక్కటిగా తెరిచి చూసే ఓపిక ఎవరికుంటుంది? ఇక్కడే ఆఫీసు పనీ, ఎంసీఎస్-021లో చదివిన బైనరీ సెర్చ్ (సగం సగం చేసుకుంటూ వెతకడం), ఈ సరదా మూడూ ఒకచోట కలిసేవి.

ఫైలు నంబరుకీ, బొమ్మలో అచ్చైన పేజీ నంబరుకీ తేడా చూడాలి. 58వ ఫైల్లో 46వ పేజీ ఉందనుకోండి, తేడా 12. ముఖపత్రం, ముందుమాట, విషయసూచిక అంత తిన్నాయన్నమాట. 158లో 146 ఉండాలి. తీరా చూస్తే 148 ఉంది, తేడా 10. మధ్యలో ఎక్కడో రెండు పేజీలు పోయాయి. నడిమికి 108 తెరిస్తే 96, తేడా ఇంకా 12. పోయింది దాని తర్వాతే. 133లో 123, తేడా 10. 120లో 108, తేడా 12. 126లో 116, తేడా 10. 123లో 111, తేడా 12. 124లో 114. దొరికింది. 111 తర్వాత నేరుగా 114. మొదటి రెండూ కాక ఆరు ఫైళ్ళు తెరిస్తే తేలింది, 112, 113 పేజీలు లేవు.

ఆ రెండు అంకెలే మరో సంగతి చెబుతాయి. మన పుస్తకాల్లో బేసి పేజీ కుడివైపు, సరి పేజీ దాని వెనక. ఒక కాగితం చిరిగి పోతే 113, 114 లాగా బేసి, సరి జంట పోతుంది. 112, 113 అంటే తెరిచిన పుస్తకంలో ఎదురెదురుగా ఉండే జంట. అంటే కాగితం చిరగలేదు, స్కాన్ చేసే మనిషి ఒకేసారి రెండు కాగితాలు తిప్పేశారు. పుస్తకం భద్రంగానే ఉంది, ఆ గ్రంథాలయానికి వెళ్తే ఆ పేజీలు చదువుకోవచ్చు. బేసి, సరి జంట పోతే మాత్రం ఇంకో ఊళ్ళో ఇంకో ప్రతి వెతుక్కోవాల్సిందే.

ఆఫీసులో బగ్గు ఏ బిల్డ్‌లో పుట్టిందో పట్టేదీ ఇదే పద్ధతి. 24వ బిల్డ్‌లో లేదు, 40లో ఉంది. మధ్యవి 15. వరసగా పోతే 15 ఇన్‌స్టాల్స్, ఒక్కోదానికి డేటాబేస్ రిఫ్రెష్‌తో కలిపి గంట. 32, ఆ తర్వాత 28 లేక 36, అలా సగం సగం చేస్తే నాలుగింటితో తేలిపోతుంది. ఏ బిల్డ్‌లో వచ్చిందో చెబితే డెవలపర్‌కి ఆ రోజు మారిన ఫైళ్ళు చూసుకుంటే చాలు. అలాంటి బగ్ రిపోర్టుని ఎవరూ వెనక్కి పంపరు.

ఈ పద్ధతి మోసం చేసే సందర్భం కూడా రెండుచోట్లా ఒకటే. బైనరీ సెర్చ్‌కి వరస సరిగ్గా ఉండాలన్న షరతు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే చేతి పనిలో మరిచిపోతారు. బగ్గు 27లో వచ్చి, 30లో పోయి, 35లో మళ్ళీ వచ్చిందనుకోండి. 32లో లేదు కాబట్టి ఆ ముందంతా శుభ్రమే అనుకుంటాం. 35ని పట్టుకుంటాం, 27లో చేసిన అసలు తప్పు అలాగే ఉండిపోతుంది. పుస్తకంలోనూ అంతే. 70 దగ్గర ఒక జంట పోయి, 130 దగ్గర ఒక జంట రెండుసార్లు స్కానైతే, 58లోనూ 158లోనూ తేడా 12 గానే కనిపిస్తుంది. అంతా ఉందనుకుని పక్కన పెట్టేస్తాం. దానికి మందు, ముందుగా ప్రతి 20 ఫైళ్ళకి ఒకటి తెరిచి తేడా ఒక కాగితం మీద రాసుకోవడం. 220 పేజీలకి 11 చూపులు. ఎక్కడ తేడా మారిందో అక్కడే సగం సగం చేసుకుంటూ దిగాలి.

అప్పటివి చాలా మారిపోయాయి. క్యూటీపీ తయారుచేసిన మెర్క్యురీ కంపెనీని 2006లో హెచ్‌పీ కొనేసింది, వాళ్ళదే మరో సాధనం విన్‌రన్నర్ కనుమరుగైంది, క్యూటీపీ 2012లో యూఎఫ్‌టీ అయింది. 2004లో చిన్నగా మొదలైన టెస్టింగ్ సాధనం సెలీనియం అందరి చేతుల్లోకీ వచ్చింది. అమీర్‌పేట సత్యం థియేటర్ చోట కొత్త మాల్ లేచింది. తెలుగు చూడ్డానికి సీడీలు వెతుక్కునే పని పోయి, ఫోన్ కొనగానే తెలుగు వస్తోంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఐఓఎస్ 11.2.5 ఒక తెలుగు అక్షరానికి కుప్పకూలింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కనపడని ఆ 200సీ, చివర దీర్ఘం. జ్ఞాపకం అని రాసే మామూలు ‘జ్ఞా’తో ఏమీ కాదు, మధ్యలో ఆ అక్షరం చేరితేనే. ఆ వార్త చూసినప్పుడు, లేఖినిలో క్యారెట్ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో అని కొట్టి కొట్టి చూసిన రోజులు కళ్ళ ముందు మెదిలాయి. 11.2.6తో సరిచేశారు.

డిజిటల్ లైబ్రరీ సైటు మూతపడినా, అందులోని పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. అవే స్కాన్లు, ఇప్పుడు ఒక్క పీడీఎఫ్‌గా. 111 తర్వాత 114 వచ్చే పుస్తకంలో ఇప్పటికీ 111 తర్వాత 114 వస్తుంది. అప్పట్లో దించుకున్న ప్రతులు పాత హార్డ్ డిస్కుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే, ఫోల్డర్ పేరు చివర చిన్న మాట ఒకటి చేర్చి ఉంటుంది: ‘112, 113 లేవు, చిరగలేదు’.